మడత నిలవని పారాచూట్

ఆ సోమవారం ఇస్సాకు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఏడు గంటల బస్సు హిందూపురంలో ఎక్కాలి, పెనుకొండలో దిగాలి, ఒక పారాచూట్‌ను మడిచి దాని సంచిలో పెట్టాలి, సాయంత్రం నాలుగు గంటలకు తనూజ మేడం చేతికి ఇవ్వాలి. మడవడానికి అతనికి పావుగంట చాలు. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో తోచక పోటీ పరీక్షల పుస్తకం ఒకటి వెంట పెట్టుకున్నాడు.

ఇస్సాకుది అగళి దగ్గర ఒక పల్లె. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఆ డిగ్రీకి దొరికిన పని, రాష్ట్ర సరిహద్దు దాటాక ఒక పాత విమానాల మైదానంలో, శని ఆదివారాలు విమానం నుంచి దూకేవాళ్ళ పారాచూట్లను మడిచిపెట్టడం. ఆ పని ఏమిటో నాయనకు మూడేళ్ళుగా విడమరిచి చెబుతూనే ఉన్నాడు. ఆయన మాత్రం అడిగినవాళ్ళకు, "విమానాల ఆఫీసులో గుడ్డల సెక్షన్లో ఉండాడు" అని చెబుతాడు.

మూడేళ్ళలో నాలుగు వేలకు పైగా పారాచూట్లు మడిచాడు. దూకినవాళ్ళు నేలకు దిగగానే ఒకరినొకరు కౌగిలించుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. తర్వాత ఎవరో ఒకరు "ప్యాకర్" అని కేక వేస్తారు. ఇస్సాకు వెళ్ళి గుడ్డను రెండు చేతులా ఎత్తుకొని వస్తాడు. పారాచూట్ సరిగ్గా తెరుచుకున్నంత కాలం దాన్ని మడిచినవాడి పేరు ఎవరికీ అవసరం పడదు. వానాకాలంలో మైదానం మూసేస్తే ఆ కేక కూడా ఉండదు. హిందూపురంలోని అద్దె గదిలో ఒక్కోసారి మూడు రోజులు నోరు తెరిచే పనే పడేది కాదు. నాలుగో రోజు అంగట్లో పాల ప్యాకెట్ అడిగితే ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించేది.

తనూజ మడకశిర రైతుల ఇంటి ఆడపిల్ల. ఆరు వందల సార్లు దూకిన మనిషి. శ్రావణంలో సొంతంగా శిక్షణ కేంద్రం తెరుస్తోంది. "ఈ పారాచూట్‌ను తాళ్ళతో సహా పూర్తిగా చూసి, మడిచి, సోమవారం నాలుక్కు నాకియ్యి ఇస్సాకు. పెనుకొండ మీదే వస్తా, ఆడే తీసుకుంటా. పని నచ్చితే సంవత్సరం పొడుగునా ఉద్యోగం" అని చెప్పింది. సంవత్సరం పొడుగునా అంటే వానాకాలం కూడా. పైగా ఆమె పేరు పెట్టి పిలిచింది. ఆ ఉద్యోగం తప్ప ఇస్సాకుకు వారం రోజులుగా వేరే ఆలోచన లేదు.

అతని గది పొడవు పదడుగులు. తాళ్ళు సాగదీసి పారాచూట్ పరచాలంటే పాతికడుగులైనా కావాలి. కాలేజీలో తోటివాడైన బాలాజీ వాళ్ళ నాయనకు పెనుకొండలో కల్యాణ మంటపం ఉంది. ఆషాఢం కాబట్టి ఖాళీ. మంటపం వెనక గదిలో కాపురముంటూ దాన్ని చూసుకునే సుధారాణి తాళం తీసింది గానీ, అతిథి వస్తున్నాడని తెలిసి అప్పుడే నేలంతా ఫినాయిలుతో కడిగింది. తడి నేల మీద పారాచూట్ పెట్టకూడదు. అది ఆరేసరికి పదకొండయింది.

ఇస్సాకు గుడ్డ పరిచాడు. తాళ్ళను ఒక్కొక్కటిగా వేళ్ళ మధ్య నడిపిస్తూ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మడతలు సవరించి, గుడ్డ మీద బోర్లా పడుకొని లోపలి గాలిని మెల్లగా వెళ్ళగొట్టసాగాడు. సరిగ్గా అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటివాళ్ళు. శ్రావణంలో మనవడి పెండ్లికి మంటపం చూసుకోవడానికి వచ్చిన హనుమమ్మ, ఆమె కోడలు మల్లిక.

"ఏమప్పా, ఒంట్లో బాగల్యాదా? నేల మీద పడుకోనుండావు" అంది హనుమమ్మ.

"బాగుండాది అవ్వా. గాలి తీస్తాండా."

హనుమమ్మ కూర్చుని గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. "పట్టు కాదు. నేత మాత్రం గట్టిది. ఎన్ని గజాలు?"

మామూలుగా అయితే ఇస్సాకు ఒక్క మాటలో చెప్పి ఊరుకునేవాడు. కానీ తన పని గురించి అతన్ని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. గజాల దగ్గర మొదలుపెట్టి, ఎన్ని తాళ్ళు, అవి చిక్కుపడితే ఏమవుతుంది, గుడ్డ ఎంత జారుతుంది, అన్నీ చెప్పాడు. "మడవడం కష్టం కాదవ్వా. మడత నిలవదు. ఈ పక్క పెడితే ఆ పక్క జారిపోతాది. దీంతో ఒక్కణ్ణే కొట్లాడాల" అని ముగించాడు. హనుమమ్మ అతని వైపు, గుడ్డ వైపు జాలిగా చూసింది.

"ఈడ టీ దొరుకుతుందా తమ్ముడూ?" అని అడిగింది మల్లిక.

"నేను తెస్తానక్కా" అని ఇస్సాకు సుధారాణి ఇచ్చిన ఫ్లాస్కు తీసుకున్నాడు. సగం మడిచిన పారాచూట్‌ను వదిలి వెళ్ళకూడదు. దాన్ని ముట్టుకోవద్దని చెబుదామనుకున్నాడు గానీ, ఇంటికొచ్చినవాళ్ళతో అలా అనడం మర్యాద కాదనిపించింది. అది తన ఇల్లు కాదన్న సంగతి అప్పటికి మరిచిపోయాడు.

బస్టాండు దగ్గర టీ అంగడి ఆదినారాయణది. పాలు అయిపోయి, కొత్తవి కాగుతున్నాయి.

"మూడు టీలా? ఆషాఢంలో మంటపానికి ఎవురొచ్చినారబ్బా?"

"పారాచూట్ పని చేస్తాండాం" అన్నాడు ఇస్సాకు. ఒక్కడి పనికి బహువచనం వాడినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు, కానీ దిద్దుకోలేదు.

బెంచీ మీద ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. "విమానం ల్యాకుండా దూకొచ్చా?" అని ఒకాయన అడిగాడు.

"దూకేవాళ్ళుండారు. కొండల మీంచి, టవర్ల మీంచి. వాళ్ళది వేరే లెక్క. విమానంలోంచి దూకేవాళ్ళకు రెండు పారాచూట్లుంటాయి. ఒకటి తెరుచుకోకుంటే ఇంగొకటి. కొండ మీంచి దూకేవాళ్ళకు ఒకటే. రెండోది తెరిచేదానికి టైముండదు."

"ఆ ఒకటి తెరుచుకోకుంటే?"

"తెరుచుకోవాల."

"మన కొండ మీంచి అయితాదా?" అన్నాడు ఆదినారాయణ.

అడిగిన ప్రశ్నకు సగం జవాబు చెప్పి వదిలే అలవాటు ఇస్సాకుకు లేదు. "మన కొండ వాలుగా ఉండాది. దూకేవాళ్ళకు నిలువు బండ కావాల. పైన ఒకచోట నిటారుగానే కనపడుతుంది గానీ, కొలిచి చూడాల" అన్నాడు.

"మీతో ఇంగా ఎవురన్నా వస్తాండారా?"

"మేడం వస్తారు. ఆరు వందల సార్లు దూకినారు. నాలుక్కు పారాచూట్ తీసుకుంటారు."

ఆ మాటతో బెంచీ ఖాళీ అయింది. నలుగురిలో ఇద్దరు ఆటోవాళ్ళు. పాలు కాగి, టీ దిగి, ఫ్లాస్కులో పోసేలోపు వాళ్ళ ఫోన్లు ధర్మవరం దాకా వెళ్ళాయి. నాలుగు గంటలకు ఒక మేడం పెనుకొండ కొండ మీంచి ఒకే ఒక్క పారాచూట్‌తో దూకుతోందని కబురు. ఇస్సాకు మంటపం వైపు పది అడుగులు వేశాడో లేదో, బైకు మీద కానిస్టేబుల్ రాఘవేంద్ర వచ్చి ఆపాడు.

"కొండ మీంచి దూకేది నువ్వేనా?"

"కాదు సార్."

"మరెవురు?"

"ఎవురూ ల్యారు సార్."

"ఎవురూ ల్యాకుంటే ఆడ అంతమంది జనం ఎందుకుండారప్పా? పా, ఆ మాటేదో నువ్వే వచ్చి వాళ్ళకు చెప్పు."

కొండ కింద అప్పటికే గొడుగులు లేచాయి. ఒకామె మజ్జిగ అమ్ముతోంది, ఇంకొకాయన బొరుగుల బండి పెట్టాడు. ట్రాక్టరు ట్రాలీలో ఒక ఊరు ఊరే దిగుతోంది. రాఘవేంద్ర ఇస్సాకును ఒక గుండు రాయి ఎక్కించాడు. అంతమంది తన వైపు చూడటం ఇస్సాకుకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గొంతు సవరించుకున్నాడు.

"ఈ పొద్దు ఎవురూ దూకరు. అట్లాంటిదేమీ ల్యాదు."

"పోలీసోళ్ళు అట్ల చెప్పమన్నారు పాపం" అన్నారు వెనక ఎవరో.

"నువ్వెవురప్పా?" అని ముందు వరసలో ముసలాయన అడిగాడు.

"నేను పారాచూట్ మడిచేవాణ్ణి."

"దూకేది నువ్వు కాదా?"

"కాదు."

జనం మర్యాదగానే మెడలు కొండ వైపు తిప్పుకున్నారు. ఫోను పైకెత్తి పట్టుకున్న ఒక అమ్మాయి, "అన్నా, కొంచెం పక్కకు జరుగు, కొండ కనపడల్యా" అంది. ఇస్సాకు జరిగాడు. అయినా రాఘవేంద్ర వదల్లేదు. కొత్తగా వచ్చిన ప్రతి గుంపుకీ అదే మాట చెప్పించాడు. ప్రతి గుంపూ అదే ప్రశ్న అడిగి, అదే వైపు తిరిగింది. అతను బయటపడేసరికి మూడున్నర దాటింది. పావుగంట పని ఇంకా ఉంది, చేయగలను అనుకుంటూ ఫ్లాస్కు పట్టుకొని పరుగెత్తాడు.

మంటపంలో పారాచూట్ నేల మీద లేదు. రెండు స్తంభాల మధ్య, నేతకు సిద్ధం చేసే పడుగులాగా బిగించి కట్టి ఉంది. తాళ్ళు దువ్వినట్టు వరసగా ఉన్నాయి. ఒక పక్క మల్లిక, ఒక పక్క సుధారాణి చెరొక తడిగుడ్డతో ఏదో పూస్తున్నారు. మధ్యలో హనుమమ్మ నిలబడి తాళ్ళు సర్దుతోంది.

"వచ్చితివా నాయనా" అంది హనుమమ్మ. "మడత నిలవల్యాదని చెప్తివి కదా. గంజి పెట్టినాం. ఇంగ చూడు, మాటింటాది."

"నా అన్నం గంజే. పలుచగా ఉంటే ఇంగో గుప్పెడు బియ్యం ఏసి చిక్కగా చేసినా" అంది సుధారాణి.

ఇస్సాకు గుడ్డను ముట్టుకొని చూశాడు. సగం అప్పుడే ఆరి, అప్పడంలా ఉంది. మడత నిలిచిన పారాచూట్ అంటే తెరుచుకోని పారాచూట్.

"అవ్వా, నన్నొక మాట అడగాల్సింది."

"అడిగేదేముండాదప్పా? మా వీధిలో పడుగు కాడ ఎవురన్నా ఒక్కరే ఉంటే, పోయేవాళ్ళు నిలబడి చెయ్యేసి పోతారు. ఎవురి పడుగని కూడా చూడం. నువ్వు ఒక్కడివే దాని మీద పడి పొర్లాడతాంటే చూసి ఎట్ల పోతాం?"

ఇస్సాకు నేల మీద కూలబడ్డాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు. నాలుగు వేల పారాచూట్లలో ఎవరూ ఒక్క చెయ్యి వేయలేదన్న సంగతి అడ్డం వచ్చింది. లేచి, ఫ్లాస్కు మూత తీసి, ముగ్గురికీ చల్లటి టీ పోశాడు.

తనూజ ఐదుకు గానీ రాలేదు. మెడలో బంతిపూల దండ ఉంది. "దారంతా జనం ఇస్సాకు. కారు ఆపి దండ ఏసినారు. జాగ్రత్త తల్లీ అని ఒక ముసలామె ఏడ్చింది. ఎందుకో అర్థం కాల్యా" అంటూ వచ్చి, స్తంభాల మధ్య ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

"ఇదేంది?"

"గంజి మేడం."

ఆమె చుట్టూ తిరిగి చూసింది. ఒకచోట వంగి, తాడుకు కట్టి ఉన్న చిన్న ఎర్ర దారపు ముక్కను వేలితో తాకింది. "ఇది కట్టిందెవురు?"

"నేనేనమ్మా" అంది హనుమమ్మ. "ఆడ లోపల నలిగిండాది. కంటికి కనపడదు, ఏలికి తెలుస్తుంది. అట్లాంటి పోగుకు మేము గుర్తు కట్టి పెడతాం, బరువు పడితే తెగుతాదని."

అది బ్రేకు తాడు. దిగేటప్పుడు గాల్లో మలుపు తిరగడానికీ, వేగం తగ్గించడానికీ లాగే తాడు. తనూజ దండ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ పారాచూట్ ఆయుస్సు పోయినేడే తీరింది. దీంతో ఇంగ ఎవురూ దూకరు. ఈ తాడు కనిపెడతావా ల్యాదా అని చూసేదానికే నీకిచ్చినా. చూసినావా ఇస్సాకు?"

మల్లిక అతని వెనక నిలబడి, "చూసినా అని చెప్పు తమ్ముడూ" అని మెల్లగా అంది. హనుమమ్మ కూడా అభ్యంతరం లేనట్టే కొంగు సర్దుకుంది. ఒక్క మాట చాలు. ఉద్యోగం ఎదురుగా నిలబడి ఉంది.

"ల్యాదు మేడం" అన్నాడు ఇస్సాకు. "పొద్దున నా చెయ్యి దాని మీదే పోయింది. నాకు తెలియల్యా. అవ్వకు తెలిసింది. అవ్వ రాకుంటే, తాడు బాగుండాదని మడిచి మీకిచ్చేవాణ్ణి."

తనూజ ఆ తాడును తానూ వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత అతన్ని దాటుకొని హనుమమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, మా కాడ పని చేస్తావా?"

"పైనుంచి దూకే పనా?"

"తాళ్ళు చూసే పని. సంవత్సరం పొడుగునా."

"నేను యాడికీ రానమ్మా. మోకాళ్ళ నొప్పులు. ఆ గుడ్డలే ధర్మవరం రావాల. మోసుకొచ్చేదానికి, రాసుకునేదానికి ఒక మనిషి కావాల." హనుమమ్మ ఇస్సాకును కింది నుంచి పై దాకా చూసింది. "సదువుకున్నోడైనా పర్వాల్యా."

శ్రావణంలో కేంద్రం తెరిచారు. ప్రధాన తనిఖీదారుగా హనుమమ్మ పేరు, ఆమె సహాయకుడిగా ఇస్సాకు పేరు రాశారు. ఇప్పుడు ప్రతి సోమవారం అతను రెండు భుజాలకూ పారాచూట్లు తగిలించుకొని ధర్మవరం వెళ్తాడు. హనుమమ్మ మగ్గం పక్కన కూర్చుని తాళ్ళు నలుపుతుంది, అతను రాసుకుంటాడు. వీధిలో పోయేవాళ్ళు గడపలో నిలబడి ఎవరి పిల్లోడు, ఏ ఊరు, పెండ్లి అయిందా అని అడుగుతారు, వచ్చే వారం మళ్ళీ అవే అడుగుతారు. మల్లిక అన్నం పెట్టి, చాలంటే వినదు. దాంతో ఇస్సాకుకు వారంలో ఒంటరి రోజులు ఆరుకు తగ్గాయి.