సాలమ్మ కోడలు కొన్న హెల్మెట్

ఆ ఆదివారం పొద్దున సంతోషి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తకు నాలుగు ముద్దలు తినిపించాలి, ఉప్పల్ రింగురోడ్డుకు వెళ్ళి తలకు సరిపోయే హెల్మెట్ ఒకటి కొనుక్కోవాలి, తెల్లవారి నుంచి నాచారం కంపెనీకి బండి మీద పోవాలి. మొదటిదే కుదరలేదు. గోడవైపు తిరిగి పడుకున్న సాలమ్మ, కంచం దగ్గరికి తెస్తే "ఆకలి లేదు" అంది. కొడుకు పోయిన దగ్గరినుంచి ఆమె నోట వస్తున్న మాట అదొక్కటే.

జీవన్ దసరాకు ముందు పోయాడు. మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డు తవ్విపోసిన ఏడాది అది. నాచారంలో ప్లాస్టిక్ సీసాలు చేసే కంపెనీ నుంచి ఇంటికి వస్తూ గుంతలో పడ్డాడు. హెల్మెట్ లేక కాదు. ఉంది, బండి అద్దానికి తగిలించి ఉంది. పోలీసులు తెచ్చి అప్పగించినప్పుడు దాని మీద ఒక్క గీత కూడా లేదు. సంతోషి పెట్టుకుని చూస్తే అది ముక్కు మీదికి జారింది.

కంపెనీవాళ్ళు అతనికి బదులుగా ఆమెకు ప్యాకింగ్‌లో పని ఇచ్చారు. చీకటి ఉండగానే మొదలయ్యే షిఫ్టు. చిల్కానగర్ నుంచి ఆ వేళకు బస్సు రాదు, వచ్చే ఆటోలో చోటుండదు. బండి నడపడం పెళ్ళయిన కొత్తలో జీవనే పీర్జాదిగూడ ఖాళీ ప్లాట్లలో నేర్పాడు. అప్పుడది సరదా, ఇప్పుడు అవసరం. తల్లీ తండ్రీ లేని పిల్లకు ఈ లోకంలో ఇక మిగిలింది గోడవైపు తిరిగిన ఆ వీపు ఒక్కటే. అది కూడా రోజురోజుకూ సన్నబడిపోతుంటే సంతోషికి భయంగా ఉండేది. "అత్తమ్మా, రేపట్నుంచి బండి మీద పోత" అని చెప్తే వీపు కదలలేదు. విన్నదో లేదో తెలియలేదు.

రింగురోడ్డు ఫుట్‌పాత్ మీద హెల్మెట్లను గుమ్మడికాయల్లా గుట్ట పోసి అమ్ముతున్నారు. దుకాణదారు ఆమెను చూడగానే గులాబీ రంగుది ఒకటి తీశాడు. దాని మీద సీతాకోకచిలుక. చెవుల పైదాకా వచ్చి ఆగిపోయే రకం.

"లేడీస్‌కు గివే అక్కా. మస్తు పోతున్నయి."

సంతోషి వేలితో తట్టి చూసింది. ప్లాస్టిక్ బకెట్ చప్పుడు చేసింది. కొప్పు మీద పెట్టుకుంటే అది తల మీద కాక తలకు ఒక మెట్టు పైన కూర్చుంది.

"ఇది పెట్టుకొని పడితే ఎట్లన్నా?"

"లేడీస్ మెల్లగ నడుపుతరు గదక్కా. పడరు."

"గుంత లేడీసా జెంట్సా అని సూస్తదా?"

అతను అద్దం ఎత్తి పట్టుకున్నాడు. "రంగు సూడు, నీ మొఖానికి మంచిగున్నది." సంతోషి రంగు చూడలేదు. కొప్పు విప్పి జడ వేసుకుంది, గుట్టలోంచి గడ్డందాకా మూసే నల్లది ఒకటి తీసి తల దూర్చింది. చెంపలు గట్టిగా పట్టేసింది. తల అటూ ఇటూ ఊపితే తలతోపాటే తిరిగింది గానీ జారలేదు. గడ్డం కింద పట్టీ బిగించి, వెనకనుంచి లాగి చూసింది. రాలేదు.

"అది జెంట్స్‌దక్కా. అద్దం గూడ నలుపు. మొఖమే కనవడది."

"కనవడి ఎవరికి సూపియ్యాలె?" అంది సంతోషి. మామూలుగానే అంది. అయినా దుకాణదారు మళ్ళీ అద్దం ఎత్తలేదు.

సోమవారం నుంచి ఆమె చలికి జీవన్ జర్కిన్ వేసుకుని, చున్నీ లోపలికి దోపుకుని, నల్ల హెల్మెట్ పెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం తిరిగొచ్చి బండిని ఇంటి పక్క సందులో పెట్టి, అక్కడే అన్నీ విప్పి పెరటి తలుపులోంచి లోపలికి వచ్చేది. ఎదురింటి మల్లవ్వ చీకట్లో వాకిలి ఊడుస్తూ ఇదంతా సగం చూసింది. సగం చూసిన మనిషి మిగతా సగం ఊరికే వదలదు. ఆ వారం మధ్యలో ఇంటి ముందరి కుళాయి దగ్గర సంతోషిని పక్కకు పిలిచింది.

"మీ అత్తకు మతి చలించింది బిడ్డా."

"ఏమైందవ్వా?"

"పొద్దుగాల మీ ఇంట్లకెళ్ళి మొగాయన బండి మీద పోతుండు, ఎవరు సాలమ్మా అని అడిగిన. నా కొడుకు, డ్యూటీకి పోతుండు అన్నది. నా పానం ఝల్లుమన్నది."

"అది నేనే అవ్వా" అనబోయి సంతోషి కిటికీలోంచి లోపలికి చూసింది. సాలమ్మ లేచి కూర్చుని ఉంది. ఒళ్ళో కంచం ఉంది. పచ్చిపులుసు కలుపుకుని పెద్ద పెద్ద ముద్దలు తింటోంది. ఇన్నాళ్ళూ ఎవరు బతిమాలినా తినని మనిషి.

సంతోషికి అంతా అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది. కొడుకు బతికే ఉన్నాడనుకుని తింటోంది. ఆ పోయేది నేనని మల్లవ్వకు చెప్తే పొద్దు గుంకేలోపు అత్త చెవిన పడుతుంది. అత్త మళ్ళీ గోడవైపు తిరుగుతుంది.

"మరి ఆ పోయేదెవరు బిడ్డా?" అంది మల్లవ్వ.

"నాకెట్ల ఎర్కవ్వా? నేను గప్పటికే ఆటోకు పోత."

అంతటితో ఆగితే ఎలా ఉండేదో గానీ, అడుసులో కాలు పెట్టాక రెండో కాలు కూడా పెట్టడమే మన అలవాటు. మర్నాడు మధ్యాహ్నం సంతోషి సందులోకి తిరక్కుండా ఇంటి ముందు బండి ఆపి, జీవన్ కొట్టినట్టే రెండుసార్లు హారన్ కొట్టింది. సాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. నల్లద్దం వెనకనుంచి సంతోషి ఆమెను ఒక్కసారి చూసింది. చెయ్యి ఎత్తి ఊపి, సందులోకి వెళ్ళి, జర్కిన్ విప్పి, కోడలిగా పెరట్లోంచి వచ్చింది.

"అత్తమ్మా, ఆయన వచ్చిండు."

సాలమ్మ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "కాళ్ళు కడుక్కొమ్మను. అన్నం పెడత."

సంతోషి పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ డ్రమ్ము చాటున కూర్చుని ఏడ్చింది. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చేసరికి మూడు కంచాలు పెట్టి ఉన్నాయి.

అప్పటినుంచి ఆ ఇంట్లో రోజూ మూడు కంచాలే. "ఆయన పెరట్ల తింటడట" అని సంతోషి మూడోది బయటికి తీసుకుపోయి, మొగుడి వాటా కూడా తనే తిని, ఖాళీ కంచం తెచ్చేది. ఖాళీ కంచం చూసి సాలమ్మ తృప్తిగా తలూపి, తను ఇంకో గరిటె వేసుకునేది. చూస్తుండగానే ఆ ఇంట్లో చచ్చిపోయినవాడు తప్ప అందరూ ఒళ్ళు చేశారు.

"వానికి దగ్గు తగ్గిందానే?" అనేది సాలమ్మ.

"తగ్గిందత్తమ్మా."

"సలి బాగున్నది. మఫ్లర్ సుట్టుకొమ్మను."

మర్నాడు సంతోషి మఫ్లర్ కూడా చుట్టుకుని పోయేది. ఒక్కోసారి కంపెనీలో భోజనాల వేళ, అమ్మ బాగా తింటోందని జీవన్‌కు చెప్పాలి అనిపించేది. అనిపించిన మరుక్షణం డబ్బా మూత పెట్టేసేది. నటించేవాళ్ళకు కూడా నమ్మకం అంటుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వీధిలో మాత్రం కథ వేరే దారిన పోయింది. అందరికీ కనిపించే మగాడు ఇంటి కోడలికి కనిపించడం లేదంటే అది దయ్యమేనని మల్లవ్వ తేల్చేసింది. గుమ్మాలకు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడాయి. హారన్ వినపడగానే తల్లులు పిల్లల్ని లోపలికి లాగేసేవారు. ఈ మాట హబ్సిగూడలో ఉండే ఇంటి ఓనరు రామ్మోహనరావుకు చేరింది. ఆయన బందరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. దయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అంతకంటే లేదు.

"దయ్యాలు హెల్మెట్ పెట్టుకోవమ్మా. పగలడానికి వాటికేం ఉందని" అన్నాడు మల్లవ్వతో. "వాడెవడో మగాడే. ఆ అమ్మాయి తెలీదంటోందంటే తెలిసే ఉంటుంది."

ఆయనే నాగారంలో ఉన్న కనకరాజుకు ఫోన్ చేశాడు. కనకరాజు సాలమ్మ పెద్ద కూతురి మొగుడు, సిమెంటు దుకాణంలో గుమాస్తా. మంచివాడే గానీ, మంచివాళ్ళకు పరువు మీద బెంగ ఎక్కువ. ఆదివారం వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చాయ్ తాగకుండా అన్నాడు.

"చెల్లె, ఓనరు ఫోన్ జేసిండు. ఎవరో వస్తున్నడట. నేనేం అంటలేను. అత్తమ్మను మాత్రం నాగారం తీస్కపోత."

సంతోషి కుర్చీ దగ్గరికి వచ్చింది. "వద్దన్నా. ఆమె ఈడ్నే తింటది. ఆడికొస్తే తినది."

"ఎందుకు తినది? మీ వదిన అన్నం పెట్టదా?"

సంతోషి నోరు తెరిచింది. లోపలి గదిలో సాలమ్మ గాజుల చప్పుడైంది. తెరిచిన నోరు మూసుకుంది. కనకరాజుకు ఆ మౌనమే రుజువైపోయింది. రేపు ఆ వచ్చేవాడెవడో పట్టుకుని, సాయంత్రం అత్తను వెంట తీసుకుపోవాలని నిర్ణయించుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం సంతోషి వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. రామ్మోహనరావు చేతికర్రతో నిలబడ్డాడు. మల్లవ్వ విభూతి పొట్లం పట్టుకుని, ఎటైనా పనికొస్తుందని ఒక చీపురు కూడా తెచ్చుకుంది. కనకరాజు బండికి అడ్డం వచ్చి తాళం తీసేశాడు.

"దిగు. హెల్మెట్ తియ్."

సంతోషి తల అడ్డంగా ఊపింది. గుమ్మంలో సాలమ్మ నిలబడి ఉంది. ఇక్కడ హెల్మెట్ తీస్తే ఆ తల్లి కళ్ళముందే ఆమె కొడుకు రెండోసారి చచ్చిపోతాడు. మాట్లాడితే గొంతు తెలిసిపోతుంది. అందుకని మళ్ళీ తల ఊపింది.

"మాట్లాడడేం? మూగవాడా?" అన్నాడు రామ్మోహనరావు.

కనకరాజు రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని పైకి లాగాడు. తలకు చక్కగా కుదిరిన హెల్మెట్ అది, పట్టీ కూడా బిగించి ఉంది. హెల్మెట్ రాలేదు, దానితోపాటు సంతోషే బండి మీంచి లేచి వచ్చింది. ఇంకోసారి లాగితే ఇద్దరూ కలిసి మల్లవ్వ మీద పడ్డారు. విభూతి అంతా రామ్మోహనరావు మొహాన పడింది. చూసేవాళ్ళు నవ్వారు. హెల్మెట్ లోపల సంతోషి చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"ఇడువు అల్లుడా" అంది సాలమ్మ మెట్టు దిగుతూ. "అది నా కోడలు."

సాలమ్మ కింద కూర్చుని, కోడలి గడ్డం కింది పట్టీ విప్పి, హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. చెమటకూ ఏడుపుకూ తడిసిన మొహాన్ని కొంగుతో తుడిచింది.

"నీకు ఎర్కనా అత్తమ్మా?"

"ఎర్కలేకేంది? బండి మీద పోత అని నువ్వే జెప్తివి. నా కొడుకును నా కండ్లముందే పాడె మీద తీస్కపోయిన్రు. వాడు ఎట్లొస్తడే?"

"మరి నీ కొడుకు డ్యూటీకి పోతుండన్నవట మల్లవ్వతోటి?"

"మొగుడు సచ్చిన ఇంట్లకెళ్ళి మొగాయన పోతుండని ఎకసక్కెంగ అడిగింది. కోపమొచ్చింది. సచ్చినోని పేరు జెప్తే సిగ్గుపడి నోరు మూస్తదనుకున్న. ఆ కోపానికే ఆకలయి లేచి తిన్న."

మల్లవ్వ చీపురు వెనక్కి దాచుకుంది.

"తెల్లారి నువ్వొచ్చి హారన్ కొట్టి, ఆయన వచ్చిండు అంటివి" అంది సాలమ్మ. "నా బిడ్డకు మతి పోయింది అనుకున్న. కాదంటే ఇంకేమయితదో అని కాళ్ళు కడుక్కొమ్మన్న. నేను గూడ తినకుండ పండుకుంటే నిన్ను ఎవరు సూస్తరు? గందుకే రోజూ తిన్న."

సంతోషికి, తను అత్త కోసం తిన్న అన్నం, అత్త తన కోసం తిన్న అన్నం, అంతా ఒకేసారి గుర్తొచ్చింది. నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

రామ్మోహనరావు మొహం మీది విభూతి దులుపుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "ఆ మాటేదో ముందే చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు వచ్చి అడిగినవా అయ్యా?" అంది సాలమ్మ. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "నేను నాగారం రాను. దీన్ని ఇడిసి యాడికీ రాను." కనకరాజు బండి తాళం సంతోషి చేతిలో పెట్టి, "ఏమనుకోకు చెల్లె" అని తల వంచుకున్నాడు.

సంతోషి భయపడ్డది ఏదీ జరగలేదు. అత్త ఆమెకు దక్కింది. కానీ అందరూ వెళ్ళిపోయాక, సాలమ్మ అలవాటున మూడు కంచాలు తెచ్చి, చేతిలో పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయింది.

"వాడు ఇగ రాడు గదనే" అంది.

"రాడత్తమ్మా."

ఒకరికోసం ఒకరు ఇన్నాళ్ళూ జీవన్‌ను బతికించుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఇద్దరికీ నిజం తెలుసని ఇద్దరికీ తెలిసిపోయింది. అతను పోయిన రోజు కూడా వాళ్ళు అలా పట్టుకుని ఏడవలేదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు. ఈ రోజు ఆ ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. ఉడికిన అన్నం ఉడికినట్టే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర మల్లవ్వ వీధికంతా చెప్పింది, ఆ ఇంట్లో ఇద్దరికీ మతి బాగానే ఉందట, పాపం అని.