బాంజో మెడకు ఎద్దు పట్టెడ

ఆ రోజు నాగులు అనుకున్నది చిన్న పనే. పొద్దెక్కేలోపు బాంజోకు ఒక పట్టీ సంపాదించాలి. మధ్యాహ్నానికి మాచర్ల చేరి నాటకాల కంపెనీ మేనేజరు ఎదుట నిలబడి వాయించాలి. కొలువు దొరికితే మర్నాడే కంపెనీ బళ్ళతో వెళ్ళిపోవచ్చు. దొరక్కపోతే సోమవారం నాపరాయి క్వారీలో దిగాలి. కిందటేడు అతని అన్న మీద బండ జారి ప్రాణం తీసింది ఆ క్వారీలోనే.

యుద్ధంలో బర్మా సరిహద్దున రోడ్లు వేసే దళంలో మూడేళ్ళు పనిచేసి నాగులు ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి మలేరియా, రెండోది బాంజో. తిరుగు ప్రయాణమైన తెల్ల సోల్జరు ఒకడు బరువని వదిలేసిన వాయిద్యం అది. జల్లెడంత గుండ్రని డొల్ల, దాని మీద తోలు, పొడుగాటి కర్ర మెడ, నాలుగు తీగలు. కూర్చుంటే ఒళ్ళో బుద్ధిగా ఉండేది. నిలబడితే డొల్ల పక్కకు జారి, మెడ నేల చూపులు చూసేది. ఎడమ చెయ్యి దాన్ని ఎత్తి పట్టుకోవడానికే సరిపోయేది. తీగలు నొక్కడానికి వేళ్ళు మిగిలేవి కావు. కంపెనీ వాళ్ళేమో నిలబడే వాయించాలన్నారు.

ముందు నులకతాడు కట్టి చూశాడు. పాట సగంలోనే మెడ మీద ఎర్రగా వాత తేలింది.

"ఉరేసుకున్నోడి మాదిరుండావు," అంది భార్య అంజమ్మ, చేనుకు పోవడానికి కొడవలి వెతుక్కుంటూ.

"వెడల్పుది కావాలే."

"నా పాత చీర చింపుకో. ఇంకా చింపేదానికేమన్నా మిగిలుంటే."

చీర పేలిక మెత్తగానే ఉంది గానీ భుజం మీద నిలవలేదు. వాయించేకొద్దీ సాగి, బాంజో మోకాళ్ళ దాకా దిగింది. అంజమ్మ నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వి చానా నాళ్ళయింది. కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు నాగులు చూపు ఎద్దు మీద పడింది. మూడు రోజులుగా అది మేత సరిగా ముట్టడం లేదు. గుంజ దగ్గర తల వేలాడేసి నిలబడి ఉంది. దాని మెడకు నాలుగు వేళ్ళ వెడల్పు తోలు పట్టెడ. పదేళ్ళ చెమటకు, ఆముదానికి మెత్తబడి పట్టులా ఉంది. పొడుగు తగ్గించడానికి, పెంచడానికి బెజ్జాలు కూడా ఉన్నాయి.

విప్పి, పలుపు, మువ్వలు ఊడదీసి, డొల్ల చుట్టూ ఉన్న ఇనప కొక్కేల్లో రెండింటికి సన్నటి తోలు వారుతో బిగించాడు. ఎడమ భుజం మీంచి వేసుకుని రెండు బెజ్జాలు బిగించేసరికి డొల్ల పొట్టకు కుదురుగా ఆనింది, మెడ భుజం ఎత్తున నిలిచింది. ఎడమ చెయ్యి వదిలేశాడు. బాంజో కదల్లేదు. ఆ సంబరంలో, పలుపు ఊడిన ఎద్దును మళ్ళీ గుంజకు కట్టెయ్యాలన్న సంగతి అతనికి తట్టలేదు. బాంజోను గోతంలో పెట్టి, పట్టెడ భుజాన వేలాడుతుండగా బయల్దేరాడు.

పక్కింటి కోటమ్మ చూసింది. ఆమెకూ ఒక ఎద్దుంది. నాగులు ఎద్దును జతకలిపితేనే ఆమె చేనుకు అరక. ఆ ఊళ్ళో ఎద్దు మెడలోంచి పట్టెడ తీసేది అది చచ్చినప్పుడే. అమ్మినా కొన్నవాడికి పట్టెడతోనే అప్పగిస్తారు.

"పట్టెడ తీసేశావేందిరా నాగులూ?" అంది గుండె పట్టుకుని.

"దానికిక దేనికిలే పిన్నీ," అన్నాడు నాగులు, మనసంతా మాచర్లలో పెట్టుకుని. "నాకన్నా పనికొస్తది."

కోటమ్మ దొడ్లోకి తొంగి చూసింది. గుంజ ఉంది, పలుపు ఉంది, ఎద్దు లేదు. చచ్చిన ఎద్దును అప్పుడే ఈడ్చుకుపోయారనుకుంది. ఏడుస్తూ అంజమ్మ కోసం చేనుకు పరిగెత్తింది.

మాచర్లలో మేనేజరు గోపాలకృష్ణయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. నాగులు వేళ్ళు తీగల మీద పరిగెత్తాయి.

"చెయ్యి బాగుంది. పట్టుకునే తీరూ బాగుంది," అన్నాడు మేనేజరు. "దుఃఖం లేదయ్యా నీ దగ్గర. మా నాటకంలో మూడో అంకమంతా ఏడుపే. ఇట్టా వాయిస్తే జనం లేచిపోతారు."

ఆ మాట అంటుండగానే పందిట్లోకి అంజమ్మ వచ్చి పడింది, వెనక కోటమ్మ.

"మన ఎద్దు పోయిందంటయ్యో," అంది అంజమ్మ. "నువ్వన్నా ఒక మాట చెప్పకపోతివి."

 పొద్దున తల వేలాడేసి నిలబడిన ఎద్దు నాగులు కళ్ళ ముందు మెదిలింది. రోగపు దాని మెడలోంచి పట్టెడ లాక్కొచ్చాను, అందుకే పోయిందనుకున్నాడు. భుజం మీద ఆ తోలు ఇంకా ఎద్దు వాసన వేస్తోంది. వేళ్ళు వాటంతటవే తీగల మీద వాలాయి. ఏం వాయించాడో అతనికి తెలియదు. ఆపేసరికి కంపెనీలో రాజు వేషగాడు పంచెతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"రేపు పొద్దున బళ్ళు కదిలేలోపు రా. ఇదే ఇంకోసారి వింటా. ఇట్టాగే ఉంటే కొలువు నీదే," అన్నాడు గోపాలకృష్ణయ్య.

ముగ్గురూ ఏడుస్తూ ఇల్లు చేరేసరికి బందెలదొడ్డి కాపరి అబ్దుల్ హమీద్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"పట్టెడ లేని ఎద్దొకటి నా దొడ్లో ఉంది. పొద్దున్నించి మూడు చేలు మేసింది," అన్నాడు. "దాని పట్టెడ ఎవరి దగ్గరుంటే వాళ్ళదే అనుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నా. నీ భుజాన అదేంది మామా?"

"మేసిందా?" అన్నాడు నాగులు.

"బ్రహ్మాండంగా."

అప్పటికి అర్థమైంది నాగులుకు. తను ఏడ్చిన చావు కబురు పొద్దున తన భుజం మీదనుంచే బయల్దేరింది.

మర్నాడు ఎద్దును నులకతాడుతో కట్టేసి, అదే పట్టెడతో మాచర్ల వెళ్ళాడు. బళ్ళు కట్టి ఉన్నాయి. బాంజో కుదురుగా నిలిచింది, వేళ్ళు కుదురుగా ఆడాయి. నాగులు అన్నను తలుచుకుందామనుకున్నాడు. తొట్టెడు కుడితి తాగి తోక ఊపిన ఎద్దే గుర్తొచ్చింది.

"నిన్నటిది వాయించవయ్యా," అన్నాడు మేనేజరు.

"అదే బాబూ ఇది."

"ఎద్దు పోయిందన్నారుగా?"

"దొరికిందండీ."

"అట్టనా. మంచిదేలే," అన్నాడు గోపాలకృష్ణయ్య, నిజంగానే సంతోషించి. తర్వాత, ఇక పోనిమ్మని మొదటి బండివాడికి చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం నాగులు వాకిట్లో నిలబడి బాంజో భుజాన వేసుకున్నాడు. రేపు సోమవారం. క్వారీ గొయ్యి కనపడుతోంది, అందులో అన్న కనపడుతున్నాడు. అతను వాయిస్తుంటే అంజమ్మ పొయ్యి ముందు అలాగే కూలబడిపోయింది. వీధి వీధంతా పనులాపి కళ్ళు తుడుచుకుంది. ఎద్దు కూడా మేత మానేసి తలెత్తింది.

కంపెనీ బళ్ళు అప్పటికి వెల్దుర్తి దాటాయి.