దోర్చే దగ్గరైన రోజు

లుంగ్మార్, దోర్చే అనే రెండు ఉత్తరాది విమానాశ్రయాల మధ్య దూరం, జవాబు రాయని ప్రతి అర్జీకి ఒక కిలోమీటరు చొప్పున పెరుగుతూ వచ్చింది. తెరిచిన రోజు తొంభై కిలోమీటర్లు, పాతిక నిమిషాల ప్రయాణం. ఆ మంగళవారానికి ఎనిమిది వందల పన్నెండు. రెండు గంటల నలభై నిమిషాలు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. లుంగ్మార్ దూరాల విభాగంలో గుమాస్తా దాలినాయుడు రోజూ ఉదయం నల్లబల్ల మీద పాత అంకె తుడిచి కొత్తది రాసేవాడు.

అతనిది శ్రీకాకుళం జిల్లా. దోర్చే ఆరోగ్య కేంద్రంలో నర్సు స్టెల్లారాణిది ఒంగోలు పక్క పల్లె. ఆ మంచులో తెలుగు మాట్లాడేది వాళ్లిద్దరే, అదీ వైర్‌లెస్‌లో.

"అన్నా, దోల్కర్ అనే పిల్లకి నొప్పులొస్తన్నయ్. బిడ్డ అడ్డం తిరిగింది. సాయంత్రంలోపు మీ పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు. విమానం పంపు."

"ఎనిమిది వందల పన్నెండుందమ్మా ఈయేళ. మన బుల్లి విమానం మూడొందలు దాటి ఎల్తే తిరిగి రాలేదు."

"తగ్గించలేవా?"

ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు.

"సూస్తానుండు," అన్నాడు దాలినాయుడు.

సంతకం చేయవలసిన అధికారి రెండేళ్లుగా శిక్షణలో ఉన్నారు. దాలినాయుడు అర్జీల బీరువా తెరిచి, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నిబంధన ప్రకారం 'వీలుపడదు' అన్నా జవాబే. నలభై అర్జీల మీద అదే రాశాడు. నలభై కిలోమీటర్లు తగ్గాయి. నలభై ఒకటోది దోర్చే బడిది: చలికి సిరా గడ్డకడుతోంది, పొయ్యి ఇప్పించండి. అతని చెయ్యి ఆడలేదు. 'మంజూరు' అని రాశాడు. దానికీ ఒక కిలోమీటరే తగ్గింది. రెండు మాటలకూ ఒకటే శ్రమ అని తెలిశాక, మొదటి నలభై వెనక్కి తీసి అన్నిటినీ మంజూరు చేశాడు.

మధ్యాహ్నం రెండింటికి అంకె మూడు వందలకు దిగింది. విమానం లేచింది. అది గాలిలో ఉండగానే దాలినాయుడు మిగతావీ ముగించాడు. తిరుగు ప్రయాణానికి పాతిక నిమిషాలే పట్టింది.

"ఆడపిల్లన్నా! తల్లీ బిడ్డా బాగున్నారు," అంది స్టెల్లారాణి ఆసుపత్రి మెట్ల మీద. దాలినాయుడు ఆమెను చూడటం అదే మొదలు. కళ్లు తుడుచుకున్నాడు.

బుధవారం రాజధాని నుంచి తాఖీదు వచ్చింది: అనుమతి లేకుండా ఒక ఊరిని దగ్గర చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. దాలినాయుడు గంటలో రాసి పంపాడు. అక్కడ ఆ కవరు ఇంకా ఎవరూ విప్పలేదు. గురువారం ఉదయానికి రాజధాని ఒక కిలోమీటరు వెనక్కి జరిగింది. అది మామూలే కాబట్టి అక్కడెవరూ గమనించలేదు. దోర్చే మాత్రం ఉన్నచోటే ఉంది.