ఎదుర్లంక రేవులో కడుపునొప్పి

ఆదివారం ఆరాధన కాగానే యానాం వెళ్ళి, కొన్న కారు తెచ్చుకుని, భోజనాల వేళకి అమలాపురం చేరిపోవాలని సుందరరావు మాస్టారి ఆలోచన. 1979లో హైస్కూలు లెక్కల మాస్టారు కారు కొనడమంటే మాటలు కాదు. పాత ఫియట్టే అయినా, కేంద్రపాలిత ప్రాంతమైన యానాంలో పన్నులు తక్కువ కనుక అందుబాటు ధరకి దొరికింది. ఆయన భార్య కృపావతి కొత్త వాయిల్ చీర కట్టుకుని మరీ బయల్దేరింది.

బండి నడపడం వచ్చినవాడు ఆవిడ తమ్ముడు దేవసహాయం ఒక్కడే. చిక్కు తెచ్చినవాడూ అతనే. కారుని పంటు మీదికెక్కించి గోదావరి దాటుతుండగా, యానాం కారు అవతలి గట్టెక్కితే చెక్‌పోస్టులో మళ్ళీ పన్ను కట్టాలని, లేకపోతే బండిని అక్కడే ఉంచేస్తారని తాపీగా చెప్పాడు. మాస్టారి ముఖం పాలిపోయింది.

"కంగారుపడకండి బావగారూ. లోపల రోగి ఉంటే ఏ బండీ ఆపరు. అక్కయ్య కాసేపు కడుపు పట్టుకుని పడుకుంటే చాలండి."

చీర నలిగిపోతుందని కృపావతి మొదట ఒప్పుకోలేదు. ఎదుర్లంక రేవు దగ్గరపడేసరికి వెనక సీట్లో ముడుచుకుంది.

చెక్‌పోస్టు ఆఫీసరు బుచ్చిరాజు కారులోకి తొంగిచూసి చేతులు జోడించాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. కడుపునొప్పి అనగానే పన్ను మాటే ఎత్తలేదు. అక్కడితో వదిలేసినా బాగుండేది.

"ఆయ్, నేనూ వస్తానండి మాస్టారూ. ఆసుపత్రిలో డాక్టరమ్మగారు నాకు తెలుసు" అని జీపెక్కి ముందు నడిచాడు.

అమలాపురంలో ఇంటి సందులోకి తిరిగిపోదామని దేవసహాయం చూశాడు గానీ, జీపు ఆగి మరీ దారి చూపించింది.

డాక్టరు సీతారత్నం కడుపు నొక్కి చూసింది. గుమ్మంలో బుచ్చిరాజు నిలబడి ఉండడంతో, ఎక్కడ నొక్కితే అక్కడ కృపావతి మూలిగింది. పేగు వాచి ఉంటుందని, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేసెయ్యాలని డాక్టరు తేల్చింది. అవసరమైతే తన రక్తం తీసుకోమని బుచ్చిరాజు అప్పుడే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు.

కృపావతి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, ఆ పన్నేదో కట్టేయండి. నన్ను కొయ్యనివ్వకండి."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. మాస్టారు తల వంచుకుని జరిగిందంతా చెప్పేశారు. పరీక్షల్లో పక్కవాడి కాగితం చూసినందుకు బుచ్చిరాజుని బెంచీ ఎక్కించింది తానేనన్న సంగతి గుర్తొచ్చి, ఆయన వంచిన తల ఎత్తలేదు. ఉద్యోగం, పరువు, కారు, మూడూ ఒకేసారి పోతున్నట్టనిపించింది.

బుచ్చిరాజు మడిచిన చొక్కా చెయ్యి నెమ్మదిగా దించుకున్నాడు.

"ఆ పన్ను కొత్త కార్లకేనండి మాస్టారూ. పాత బండికి లేదండి. రేవులో అడిగుంటే అక్కడే చెప్పేవాణ్ణి కదండీ."

మాస్టారు గోడకి చేరబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ ముందు కోప్పడింది, తరవాత నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది. కృపావతి ఎవరి సాయం లేకుండా బల్ల దిగి చీర సర్దుకుంది.

తీరా బయటికొచ్చేసరికి ఫియట్టు మొరాయించింది. అందరూ కలిసి గేటుదాకా నెట్టారు. నెట్టినవాళ్ళలో రోగి కూడా ఉంది.