సత్తిరాజుగారి గళ్ళ గుణకారం

ఎక్కాలు వల్లించడం బానిసత్వ లక్షణమనీ, ఇకమీదట మన పిల్లలు గుణకారాన్ని కళ్ళారా చూసి చేయాలనీ జిల్లా బోర్డు మెంబరు సత్తిరాజుగారు 1936 వేసవిలో ఏలూరు సభలో ప్రకటించారు. ఇందుకు ఆయన పడ్డ శ్రమ సామాన్యం కాదు. మద్రాసు నుంచి తెప్పించిన ఇంగ్లీషు పుస్తకాన్ని తాడేపల్లిగూడెంలో రైలెక్కి తెరిచారు, ఏలూరులో దిగుతూ మూశారు. అప్పటికి సగమే అయింది. తక్కిన సగం ప్రజాసేవకు అడ్డు రాకూడదని మళ్ళీ దాని జోలికి పోలేదు.

కొత్త పద్ధతి ప్రదర్శనకు కొల్లేటి మధ్యనున్న గూడబాతులంక బడిని ఎంచుకున్నారు. అక్కడ కాలేషా మాస్టారు ఆరేళ్ళుగా టెంపరరీ. ఉద్యోగం పర్మనెంటు అయితేగాని భార్య ఆబిదాను కాపురానికి పంపేది లేదని మామగారు కూడా ఆరేళ్ళుగా చెబుతున్నారు. కాలేషా తండ్రి ఏలూరులో తివాచీలు నేసేవాడు. వరసకెన్ని ముడులో, ఎన్ని వరసలో చూసి మొత్తం ముడులు చెప్పడం కాలేషాకు చిన్నప్పుడే వచ్చు. లెక్కలో ఒక్క మూల వదిలేస్తే తివాచీకి బొక్క పడుతుందనీ తెలుసు.

"ఈ ప్రదర్శన జయప్రదంగా జరిగిందంటే మీ ఆర్డరు నేను చూసుకుంటానండి మాస్టారూ," అన్నారు సత్తిరాజుగారు పడవ దిగుతూనే.

జాలర్ల ఉమ్మడి దిబ్బ మీద సున్నంతో గీతలు గీశారు. పొడవు ఇరవైమూడు బారలు, వెడల్పు పద్నాలుగు. పొడవును ఇరవై, మూడుగానూ, వెడల్పును పది, నాలుగుగానూ విడగొడితే నాలుగు గళ్ళు వచ్చాయి. పెద్ద గడి పల్లం, వానలు పడితే నీళ్ళలో ఉంటుంది. చిన్న గడిలో జెముడు పొద. మిగిలిన రెండూ మెరక. ఒకదాని మీద వలలు ఆరేస్తారు, రెండోదాని మీద బడి పాక ఉంది.

సత్తిరాజుగారు పంచె ఎగ్గట్టి పెద్ద గడిలో నిలబడ్డారు. "ఇరవై పదులు రెండు వందలు." అక్కడి నుంచి చిన్న గడిలోకి గెంతారు. "మూడు నాలుగులు పన్నెండు. వెరసి రెండు వందల పన్నెండు. అయిపోయింది గుణకారం."

చప్పట్లు మోగాయి. నిద్రలో లేపి అడిగినా ఎక్కాలు అప్పజెప్పగల కరణం హనుమంతరావుగారు ఆ సమయంలో ఆకాశాన పోతున్న కొంగలను చూస్తున్నారు. "బ్రహ్మాండమండి," అన్నారు చూపు దించకుండానే.

నాలుగో తరగతి నాంచారి లేచి నిలబడింది. "మరి ఆ రెండు ముక్కలూ ఎవరివండీ?"

సత్తిరాజుగారు కాలేషా వంక చూశారు. ఎనభై, ముప్పై అన్న మాటలు కాలేషా గొంతుదాకా వచ్చాయి. వాటి వెనకే ఆబిదా జ్ఞాపకం వచ్చింది. "మెంబరుగారు సెలవిస్తారమ్మా," అన్నాడు.

"లెక్కలోకి రానిదాన్ని మీ భాషలో ఏమంటారండీ?" అని సత్తిరాజుగారు కరణాన్ని అడిగారు.

"పోరంబోకు అంటారండి."

"విన్నావా పాపా? అవి పోరంబోకు."

అంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద మనిషి జవాబు చెప్పడం లంకవాసుల అదృష్టం. బోర్డు ఆ గుణకారాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. మూడు వందల ఇరవై రెండు కదా అని సణిగిన ఒక ముసలి మెంబరును అభివృద్ధి నిరోధకుడన్నారు. నెల తిరక్కుండా సత్తిరాజుగారి బావమరిది ఆ పోరంబోకుకు దరఖాస్తు పెట్టి, ఎండుచేపల కొట్టు కోసం చుట్టూ కంచె వేశాడు. బడి పాక కంచె లోపల పడింది. దిబ్బ మొత్తం తమదేనని జాలర్లు అర్జీ పెట్టుకున్నారు. విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు.

"ఇరవైమూడు పద్నాలుగులు ఎంతండీ మాస్టారూ?" అన్నాడు ఆఫీసరు కాగితం తీసి.

జాలర్లందరూ కాలేషా నోటి వంకే చూస్తున్నారు. ఆరేళ్ళుగా అతనికి చేపల కూర పంపుతున్నది వాళ్ళే. కాలేషాకు తల కొట్టేసినట్టయింది.

"రెండు వందల పన్నెండండి."

"మీరు లెక్కలు చెప్పే మాస్టారేనా?"

"పర్మనెంటు కాబోతున్నానండి."

ఆఫీసరు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. వారంలో ఆర్డరు వచ్చింది. మామగారు మాట తప్పలేదు, ఆబిదాను పడవెక్కించారు. వానలూ వచ్చాయి. బడి పెద్ద గడిలోకి మారింది. పిల్లలు తాటిదోనెల్లో కూర్చుని చదువుకుంటుంటే పర్మనెంటు మాస్టారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పాఠం చెబుతున్నాడు.

ఒకరోజు నాంచారి పలక చాచింది. నాలుగు గళ్ళు గీసి రెండు వందలు, ఎనభై, ముప్పై, పన్నెండు వేసి, కింద మూడు వందల ఇరవై రెండు అని రాసింది. "రైటేనా అండీ?"

కంచె అవతల చేపల బుట్టలు దించుతున్నారు. సత్తిరాజుగారి బావమరిది ఇటే చూస్తున్నాడు.

"తప్పమ్మా," అన్నాడు కాలేషా.

నాంచారి దోనె మీంచి వంగి, చెయ్యి నీళ్ళలో ముంచి, రెండు గళ్ళు తుడిచేసింది.