మీ మర్జి

శ్యామ్‌సుందర్ తన సినిమా కథలో విలన్‌కు భీకర్ అని పేరు పెట్టాడు. ఆ పేరు వెతకడానికే ఓపికంతా అయిపోయింది కాబట్టి వాడికి పనేమీ అప్పగించలేకపోయాడు. వాడు నవ్వుతాడు, అంతే. మొదటి సీన్లో నవ్వుతాడు, ఇంటర్వెల్‌కు నవ్వుతాడు, చచ్చేముందు కూడా తనివితీరా నవ్వుకునే చస్తాడు.

నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో డైరెక్టర్ రామచందర్ ఆ కథంతా విన్నాడు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి లోపల పడేదాకా ఆలోచించాడు.

"నీ హీరో కరెంట్ కైలాస్ మంచిగున్నడు శ్యామ్ భాయ్. చేతులకెల్లి కరెంట్ వస్తది, పిల్లలకు నచ్చుతది. గానీ వీడు భీకర్ కాదు, బేకార్. వీని నవ్వు మీద సినిమా నడుస్తదా?"

"మరేం జెయ్యాలె సార్?"

"విలనంటే ఊకె నవ్వేటోడు కాదు. వాడు జేసేది వానికి న్యాయమే అనిపించాలె. హీరో ఎటు పోదామన్నా వాడు ముందుగాల్నే గాడ కూసొని ఉండాలె. చూసేటోళ్లు గూడ 'వీడు చెప్పేది కరెక్టే గదా' అనుకోవాలె. ఐతారం మీ ఇంటికొస్త. గసొంటి విలన్‌ను చూపెట్టు, లేకుంటే వేరే రైటర్‌ను చూసుకుంట."

శ్యామ్‌సుందర్ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు గుమాస్తా. తెర మీద తన పేరు చూసుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. చేతికందింది నోటికందకుండా పోతుందేమోనని బెంగ పట్టుకుంది. అబిడ్స్‌లో నిలబడి వచ్చేపోయే జనంలో విలన్ కోసం వెతికాడు. పాపం, అందరూ మంచివాళ్లలాగే కనిపించారు. అప్పుడు గుర్తొచ్చింది భార్య నళిని. లెక్కల టీచర్. ఆమె క్లాసులోకి వస్తే ఫ్యాను కూడా చప్పుడు తగ్గిస్తుందని ప్రతీతి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని.

ఉపాయం సులువుగానే తోచింది. నళినికి కోపం తెప్పించాలి. ఆమె చేసిందంతా చూసి భీకర్‌కు తొడగాలి.

"ఐతారం మీ తమ్ముని కొత్తింటి దావత్‌కు నేను రాను," అన్నాడు ఇంటికి పోగానే.

నళిని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తి ఒకసారి మొగుడి ముఖం చూసింది. "ఎందుకు?"

"రాబుద్ధి అయితలేదు."

"మీ మర్జి."

మర్జి అంటే ఇష్టం. ఈ సంగతి బజార్లో ఎవర్నడిగినా చెబుతారు. పెళ్లయినవాళ్లను అడిగితే మాత్రం, ఇష్టం నీది, ఆపైన జరిగేది నాది అని చెబుతారు.

శ్యామ్‌సుందర్ తుఫాను కోసం కాచుకు కూర్చున్నాడు. గిన్నె చప్పుడు కాలేదు. అడక్కుండానే చాయ్ వచ్చింది, అందులో చక్కెర సరిపోయింది. ఎన్నడూ దొరకని కళ్లజోడు బల్ల మీదే దొరికింది. అతను చాయ్ వాసన చూసి పక్కన పెట్టాడు.

"కోపమొచ్చిందా?" అన్నాడు ఉండబట్టలేక.

"రావాల్నా? చెప్పుండ్రి, తెచ్చుకుంట."

ఆదివారం నళిని ఒక్కతే కాచిగూడలోని తమ్ముడింటికి వెళ్లింది. మధ్యాహ్నం దాటాక తలుపు చప్పుడైంది. బామ్మర్ది విజయేందర్, అత్తగారు, వాళ్ల వెనక నళిని. విజయేందర్ చేతిలో పెద్ద క్యారియర్.

"బావా, లెవ్వకు, పండుకో. జ్వరమట గదా, అక్క చెప్పింది. దవాఖానకు పోదామా?"

అత్తగారు నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒళ్లు సల్లగనే ఉంది గదా బిడ్డా?"

"లోపలి జ్వరమమ్మా. పైకి కనపడది," అంది నళిని.

శ్యామ్‌సుందర్ ఆమెను వంటింట్లోకి పిలిచాడు. "జ్వరమని ఎందుకు చెప్పినవ్?"

"మరేం చెప్పాలె? రాబుద్ధి కాలేదట అని చెప్పాల్నా? కొత్తింట్ల నా తమ్ముడు మనసు చిన్నబుచ్చుకోడా? నలుగుట్ల మీకు చెడ్డపేరు రాదా? మీ ఇజ్జత్ కాపాడిన. నిజం చెప్తనంటారా, పోయి చెప్పుండ్రి. మీ మర్జి."

ఆమె చెప్పింది న్యాయమే అనిపించింది. వెళ్లి బుద్ధిగా మంచమెక్కాడు.

అత్తగారు రెండు దుప్పట్లు కప్పింది. క్యారియర్ మూత తీయగానే బిర్యానీ వాసన మంచం దాకా వచ్చింది. రోగికి తోడుగా ఉండాలని అందరూ ఆ గదిలోనే కూర్చుని తిన్నారు. రోగికి ఉప్పులేని జావ వచ్చింది. సరిగ్గా అప్పుడే వచ్చిన రామచందర్ చేతిలో విజయేందర్ ఒక ప్లేటు పెట్టాడు.

బామ్మర్ది, అత్తగారు వెళ్లిపోయాక శ్యామ్‌సుందర్ దుప్పట్లోంచే జరిగిందంతా చెప్పుకున్నాడు. రామచందర్ తినడం ఆపి నళిని వైపు తిరిగాడు.

"ఇదంతా నాటకమని మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"రానన్నప్పుడే సార్. దావత్ అంటే ముందు రోజు నుంచే కడుపు ఖాళీ పెట్టుకునే మనిషి. బిర్యానీ వద్దన్నడంటే ఇదేదో కథ అనుకున్న."

"మరి కోపం రాలే?"

"కోపమెందుకు సార్? తన గుంత తనే తవ్వుకుంటుంటే పార అందించిన, అంతే."

శ్యామ్‌సుందర్‌కు దుప్పటి కిందే చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంత తెలివిగల మనిషి తన పెళ్లామని గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

"శ్యామ్ భాయ్, విలన్ దొరికింది, రైటర్ గూడ దొరికింది," అన్నాడు రామచందర్. "విలన్ సీన్లన్నీ మేడమ్ చెప్తరు, నువ్వు రాయి. తెర మీద ముందు ఆమె పేరు, తర్వాత నీ పేరు."

రోగి లేచి కూర్చున్నాడు. "హీరోను పుట్టిచ్చింది నేను సార్. నా పేరు ఎన్కనా? నేనొప్పుకోను."

నళిని క్యారియర్ అడుగు గిన్నెలో విడిగా దాచి ఉంచిన బిర్యానీ ప్లేటులో పెట్టి తెచ్చి, అతని ఒళ్లో పెట్టింది.

"జావ తాగి నీరసపడ్డరు, తినుండ్రి. పేరు సంగతంటారా, మీ మర్జి."

శ్యామ్‌సుందర్ ప్లేటు చూశాడు, ఆమెను చూశాడు.

"ముందు ఆమె పేరే ఎయ్యుండ్రి సార్," అన్నాడు నోట్లో ముద్దతోనే.