మట్టెవాడ లైబ్రరీ మొదటి పోస్టు

ఆ రోజు పొద్దున లైబ్రేరియన్ రాజమౌళి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లైబ్రరీ తలుపు తీయాలి, పేపర్లు బల్ల మీద పరచాలి, పై అధికారి కిషన్ రావు వచ్చేలోపు ఫేస్‌బుక్‌లో ఒక్క ఫొటో పెట్టాలి. మనిషన్నవాడు ఇంతకంటే తక్కువ ఏం కోరుకుంటాడు చెప్పండి! కానీ ఆ ఒక్క ఫొటో ఏం పెట్టాలా అన్న బెంగతో ఆయనకు పొద్దున్నించీ చాయ్ కూడా దిగలేదు.

సంగతేమిటంటే, వరంగల్ మట్టెవాడలో ఓ సందు చివర ఉన్న ఆ చిన్న లైబ్రరీకి పాఠకులు పలచబడిపోయారు. సోషల్ మీడియాలో పేజీ తెరిచి జనాన్ని రప్పించండి, లేదంటే శాఖ ఎత్తేస్తాం అని పైనుంచి మాట వచ్చింది. అందుకోసం ఒకపూట శిక్షణ కూడా ఇచ్చారు. అందులో రాజమౌళికి వంటబట్టినవి రెండే ముక్కలు. జనం మనసు కదిలించే ఫొటో పెట్టాలి, వచ్చిన ప్రతి కామెంటుకూ జవాబివ్వాలి. శాఖ ఎత్తేస్తే తనను ఏ మూలకు విసిరేస్తారోనని ఆయన గుండె పీచుపీచుమంటోంది. ఇల్లు, లైబ్రరీ, మధ్యలో చాయ్ హోటలు తప్ప వేరే లోకం ఎరగని మనిషి పాపం.

"కొత్త పుస్తకాల ఫొటో పెడుదమా సార్?" అంది అసిస్టెంటు వజీరా.

"పుస్తకాలు ఎవరు జూస్తరమ్మా? మనసుకు తగలాలె అన్నరు గదా ట్రైనింగుల," అంటూ రాజమౌళి కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగాడు. కిటికీ పక్కన ఎండ పడుతున్న కుర్చీ కంటపడింది. వెంటనే ఫొటో తీశాడు. రంగు తీసేసి నలుపు తెలుపు చేస్తే మస్తుగ ఉంటదని వజీరా సలహా ఇచ్చింది, అదీ చేశాడు. కింద ఇలా రాశాడు: "కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందరూ తప్పక రండి."

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఆ కుర్చీ రిటైర్డ్ హెడ్మాస్టర్ లక్ష్మీనారాయణ సారుది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆయన చదివాకే పేపరు మిగతావాళ్లు ముట్టుకోవడం, ఆయన రాకపోయినా అందులో ఎవరూ కూర్చోకపోవడం మట్టెవాడ ఆచారం. సగం పేట ఆయన చేత చెవులు మెలిపెట్టించుకున్నదే. రోజూ చూసే రాజమౌళికి అది ఉత్త కుర్చీలాగే కనిపించింది. ఊరికి మాత్రం అందులో సారు కనిపించలేదు! ఆయనేమో నిక్షేపంగా ఉన్నారు. కళ్లు చూపించుకుందామని ఫోను ఆపేసి, ఇంటికి తాళమేసి, భార్యతో దవాఖానకు పోయారు.

పోస్టు పెట్టీ పెట్టగానే కామెంట్ల నిండా జోడించిన చేతుల బొమ్మలు మొదలయ్యాయి.

"సూడు వజీరా, ఎంతమంది దండం పెడ్తాండ్రో!" రాజమౌళి పొంగిపోయాడు. శిక్షణలో చెప్పినట్టు ఒక్కర్నీ వదలకుండా జవాబిచ్చాడు. "నమ్మలేకపోతున్నాం" అని ఒకరంటే, "నిజమేనండీ, అంతా మీ దయ" అన్నాడు. "ఎప్పుడు?" అని ఇంకొకరు అడిగితే, "పొద్దున ఎనిమిదింటికే" అన్నాడు. "ఎప్పటిదాకా ఉంచుతారు?" అని మరొకరు అడిగితే, "పదకొండు దాకా. కుటుంబంతో రండి" అని రాశాడు.

అంతలో సందు మొగదల పూలమ్మే యాకమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "సారూ, నా తాన దండలన్నీ అయిపోయినయి. ఇంక తెప్పియ్యాల్నా? అయ్యో, లక్ష్మీనారాయణ సారు గట్లెట్ల పాయెనే!"

"ఏడికి పాయె?"

"నువ్వే గద ఫోన్ల వెట్టినవ్, కుర్చి ఖాళీ అయిందని! ఇంటికి సుత తాళమేసి ఉన్నది. ఊరికి తీస్కపోయిన్రట."

రాజమౌళి గబుక్కున ఫోను తీశాడు. తను రాసిన జవాబులు మళ్లీ మొదట్నించీ చదువుకున్నాడు. "ఓరి దేవుడా! తీసెయ్ వజీరా, జల్ది!"

"తీసేసుడు ట్రైనింగుల చెప్పలే సార్!"

కంగారులో ఆయనే ఏదో నొక్కాడు. ఆ పోస్టు ఇంకో నాలుగు వరంగల్ గ్రూపులకు చేరింది. సారుకు ఫోను చేస్తే కలవదు. ఇక లాభం లేదని కొత్త పోస్టు పెట్టాడు: "లక్ష్మీనారాయణ సారు మన మధ్యే ఉన్నారు." కింద వెంటనే జవాబు వచ్చింది: "అవును, ఎప్పటికీ మన గుండెల్లో ఉంటారు."

కాసేపటికి హాలు కిక్కిరిసింది. చెప్పులు సందు మలుపు దాకా పరుచుకున్నాయి. పరామర్శకు వచ్చినవాళ్లు నవ్వకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఫోను చూసుకుంటే మర్యాద కాదు. అందుకని చేతికి అందిన పేపరో పుస్తకమో తీసుకుని తలొంచుకుని కూర్చున్నారు. "సారు బతికే ఉన్నడు" అని రాజమౌళి ఒక్కొక్కరి చెవిలో చెబుతుంటే, "ధైర్యం తెచ్చుకో అన్నా" అని వాళ్లే ఆయన భుజం తడుతున్నారు.

సరిగ్గా అప్పుడే కిషన్ రావు దిగాడు. చేతిలో ఆయన కూడా ఓ దండ పట్టుకొచ్చాడు!

"నేను సుత సార్ శిష్యున్నే రాజమౌళీ," అన్నాడు గద్గదంగా. హాలంతా కలియజూశాడు. "గింతమంది నిమ్మళంగ చదువుకునుడు నా సర్వీసుల ఎన్నడు జూడలే."

రాజమౌళి ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే శాఖ పోతుంది. చెప్పకపోతే మనిషి పోయినట్టే అవుతుంది. చివరికి నీతి గెలిచింది. "సార్, ఒక మాట..." అని నోరు తెరిచాడు.

"కూసో కూసో, నీ బాధ నాకెర్కే," అని కిషన్ రావు ఆయన్ని కూర్చోబెట్టి జనం వైపు తిరిగాడు. "ఈ లైబ్రరీ ఎక్కడికీ పోదు! సార్ పేరు మీద ఇక్కడ్నే ఉంటది. ఇది నా మాట!" జనం కళ్లు తుడుచుకుంటూనే ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

"ఏంది గింతమంది? పేపర్ల పెద్ద వార్త ఏమన్న వచ్చిందా?"

గుమ్మంలో నల్ల కళ్లద్దాలతో, భార్య చెయ్యి పట్టుకుని లక్ష్మీనారాయణ సారు! యాకమ్మ కెవ్వుమంది. వెనక వరసలో ఎవరో పుస్తకాలతో సహా బెంచీ మీంచి జారిపడ్డారు. కంట్లో మందు చుక్కల వల్ల సారుకు అంతా మసకమసకగా ఉంది.

"ఎవరది, కిషనా? దండ నాకేనా? అయితే వెయ్యి, నిలవడ్డవేంది?" అని ఆయన దర్జాగా మెడ వంచారు. కిషన్ రావు బడి పిల్లాడిలా గబగబా వేశాడు. చప్పట్లు మార్మోగాయి.

తర్వాత కిషన్ రావు రాజమౌళిని బీరువాల వెనక్కి లాక్కుపోయాడు. "ఏందివయ్యా గిది?" అన్నాడు పళ్లు నూరుతూ.

"తప్పయింది సార్. మాట వాపస్ తీస్కుంటరా?"

"ఎట్ల తీస్కుంట? ఊరంత రికార్డు చేసింది. సార్ ముంగట నా చెవి నాకు మిగలాలె గద! లైబ్రరీ ఉంటది, ఫికర్ చెయ్యకు."

రాజమౌళికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దండం పెట్టబోయాడు.

"ఆగు. లైబ్రరీ ఉంటది, నువ్వుండవు. ఒక్క పోస్టుతోని ఊరంత లైబ్రరీకి ఎట్ల వచ్చిందని పైవాళ్లు అడుగుతరు. అబద్ధం రాయలేను, నిజం అసలే రాయలేను. సగం సగం రాస్త."

సోమవారం నుంచి లైబ్రరీని వజీరా చూసుకుంటోంది. రాజమౌళి పొద్దున్నే బస్సెక్కి, ఊరూరా తిరిగి గ్రంథాలయ సిబ్బందికి సోషల్ మీడియా పాఠాలు చెబుతున్నాడు. ఆర్డరులో ఆయన్ని నిపుణుడని రాశారు.